పెంబర్తి నుంచి పాలంపేట దాకా: మా డబ్బు ఎవరి చేతికి వెళ్లింది

పెంబర్తిలో బస్సు దిగాక దారి అడగనక్కరలేదు. సుత్తి చప్పుడు వినిపించే వైపు నడిస్తే చాలు. హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే పెద్ద రోడ్డు మీద, జనగామకు కొంచెం ముందు వచ్చే ఊరు ఇది. కార్లలో వెళ్లేవారు దీన్ని రెండు నిమిషాల్లో దాటేస్తారు. నేనూ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అలాగే దాటాను.

బ్యాంకులో ముప్పై ఏళ్లు అప్పుల విభాగంలో పనిచేశాను. చేనేత సొసైటీలకు, మహిళా సంఘాలకు, చిన్న దుకాణాలకు ఇచ్చిన అప్పుల కాగితాల మీద ఎన్ని సంతకాలు చేశానో లెక్కలేదు. ఆ డబ్బు మగ్గంగా, పొయ్యిగా, కొలిమిగా మారిన చోటికి వెళ్లి తీరికగా కూర్చున్న సందర్భాలు మాత్రం తక్కువ. అందుకే ఈ ఫిబ్రవరిలో మా వదినను వెంటబెట్టుకుని నాలుగు రోజులు ఉత్తర తెలంగాణ వైపు బయలుదేరాను. ఒక నియమం పెట్టుకున్నాం. ప్రతి ఖర్చూ పుస్తకంలో రాయాలి, పక్కనే ఆ రూపాయి ఎవరి చేతికి వెళ్లిందో కూడా రాయాలి. మొదటి పద్దు సున్నా. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం కింద ఇద్దరికీ ఎక్స్‌ప్రెస్ బస్సులో జీరో టికెట్టు ఇచ్చారు. అలా మిగిలిన డబ్బును దారిలో చేతిపని వస్తువులకే ఖర్చు పెట్టాలని వదిన అక్కడికక్కడే తీర్మానించింది.

పెంబర్తి వారిది ఇత్తడి రేకు పని. రేకును కాల్చి మెత్తబరిచి, లక్క మీద అమర్చి, ఉలులతో వెనక నుంచి కొట్టి బొమ్మను పైకి లేపుతారు. గుళ్లకు మకర తోరణాలు, వాహనాల తొడుగులు, కలశాలు, ధ్వజస్తంభాలకు రేకులు ఇక్కడి నుంచే వెళ్తాయి. కాకతీయుల కాలం నుంచీ ఉన్న విద్య. 2010లో దీనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. మేము కూర్చున్న పనిచోటులో ఒక పెద్దాయన, ఆయన కొడుకు ద్వారపాలకుడి తొడుగు చేస్తున్నారు. వదిన ఒక దీపపు సెమ్మె చూసి అలవాటు కొద్దీ బేరం మొదలుపెట్టింది. ఆయన విసుక్కోలేదు. సెమ్మెను త్రాసులో పెట్టి బరువు చూపించారు, రేకు కిలో ఎంతో చెప్పారు, పనికి పట్టిన రోజులు చెప్పారు.

"మీరే కట్టండమ్మా లెక్క" అన్నారు.

వదిన లెక్క కట్టి, అడిగిన ధరే ఇచ్చింది.

ఆయన కష్టం ధర దగ్గర లేదు, గడువు దగ్గర ఉంది. గుడి పని పెద్దదే. అయితే ఆలయ కమిటీ కొంత అడ్వాన్సు ఇచ్చి, మిగతా బిల్లు తొడుగు బిగించాకే చెల్లిస్తుంది. రేకు మాత్రం రొక్కం పెట్టి కొనాలి. మధ్యలో నాలుగైదు నెలలు పనివాళ్ల కూలి, ఇంటి ఖర్చు, రేకు కొనడానికి చేసిన అప్పు అన్నీ ఆయన మీదే ఉంటాయి. ఇలాంటి వారికి మా బ్యాంకు ఇచ్చిన అప్పులు నెలనెలా వాయిదా కట్టేవి. ఆదాయం ఏడాదికి మూడుసార్లు వచ్చే మనిషి చేత నెలనెలా కట్టించాం. ఆ వాయిదా కోసం అతను బయట ఎక్కువ వడ్డీకి తెచ్చేవాడని ఇప్పుడు అర్థమవుతోంది. సరుకు అమ్మేకొద్దీ కట్టి, మళ్లీ అవసరానికి తీసుకునే పరిమితి అప్పు ఉంటే చాలు, ఆ ఇంటి పరిస్థితి మారుతుంది. మా ఫారాల్లో అది ఉండేది కూడా. ఎవరికి ఏది తగునో అడిగి తెలుసుకునే ఓపికే మాకు లేకపోయింది. ఇది నన్ను ఆ నాలుగు రోజులూ వదల్లేదు.

వెళ్లేవారికి ఒక సూచన. పనిచోట్లు ఉదయం పూట చూడండి, మధ్యాహ్నం కొలిమి దగ్గర నిలబడలేరు. వస్తువుల మీద ధర చీటీలు ఉండవు. ఆడవాళ్లకు మరుగుదొడ్డి సౌకర్యం అడిగి ఎవరింట్లోనైనా వాడుకోవలసిందే. ఊరి మొగదల ఆ ఒక్క ఏర్పాటు ఉంటే ఇంకా ఎన్ని కార్లు ఆగుతాయో!

జనగామ నుంచి చేర్యాలకు మరో బస్సు. ఇక్కడి నకాషీలు, అంటే బొమ్మలు వేసే కుటుంబాలవారు, గుడ్డ మీద వేసే కథల పటాలకు 2007లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, బంక కలిపి పూతలు పూస్తారు. ఆరాక ఎర్రటి రంగు నేపథ్యం మీద కథను బొమ్మలుగా వేస్తారు. ఇప్పుడు అమ్ముడుపోయేవి చిన్న ఫ్రేములు, తాళంచెవుల బిళ్లలు, రంపపు పొట్టూ చింతగింజల ముద్దా కలిపి చేసే మాస్కుల్లాంటి మొహాలు. అసలు పటం గజాల కొద్దీ పొడవుంటుంది. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని చెప్పే ఆశ్రిత కులం వేరే. ముదిరాజులకు కాకిపడిగెలవారు కథ చెబుతారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, భావనారుషి కథ కూనపులివారు చెబుతారు.

ఆ ఇంటి గృహిణి రంగులు నూరుతూ ఈ వరుస వివరించింది. నేత పనివారు సంపాదించినదాంట్లో కొంత కథకుడికి ఇచ్చేవారు. కథకుడు పాత పటం చిరిగితే నకాషీ చేత కొత్తది వేయించేవాడు. నకాషీ తన పటానికి కావలసిన గుడ్డ నేతగాడి దగ్గరే కొనేవాడు. రూపాయి ఊరు దాటకుండా ముగ్గురి ఇళ్లలో దీపం పెట్టి వచ్చేదన్నమాట. ఊరి అభివృద్ధి గురించి నేను హాజరైన సమావేశాల్లో ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు. అక్కడే భావనారుషి కథలోంచి మూడు ఘట్టాలతో చిన్న పటం ఒకటి వేయమని అడ్వాన్సు ఇచ్చాను. రెండు నెలలు పడుతుందన్నారు. పట్టనివ్వండి అన్నాను.

రాత్రికి హనుమకొండ చేరాం. మొదటి బస ఒక కొత్త హోటల్లో. గది విశాలంగా, పరుపు మెత్తగా ఉంది, లిఫ్టు ఉంది, కారు నిలపడానికి చోటుంది. వేడినీళ్లు మాత్రం చెప్పిన సమయానికి రాలేదు, రెండుసార్లు ఫోను చేయవలసి వచ్చింది. ఉదయం ఫలహారంలో రొట్టె ముక్కలు, జాము, అట్టపెట్టె పళ్లరసం పెట్టారు. సర్వపిండి దొరుకుతుందా అని అడిగితే, వడ్డించే అబ్బాయి అది ఏమిటని తిరిగి అడిగాడు. పాపం, ఏ దూరదేశం నుంచి వచ్చాడో. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నెకు అద్ది కాల్చే సర్వపిండి ఆ చుట్టుపక్కల ఏ ఇంటిని అడిగినా చేసిపెడతారు. ఒక్క మహిళా సంఘానికి రోజూ యాభై ముక్కలు ఆర్డరు ఇస్తే హోటలుకు పేరు, సంఘానికి బతుకుదెరువు. మేనేజరుకు ఈ మాట కాగితం మీద రాసి ఇచ్చి వచ్చాను.

రెండో రోజు తెల్లవారుజామునే ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లాం. మిర్చి వచ్చే కాలంలో ఆ యార్డును చూడకుండా వరంగల్ చూశాననడం కుదరదు. కనుచూపు మేర ఎర్రటి బస్తాలు, తుమ్ములు, హమాలీల కేకలు, తూకం వేసే దడవాయిలు. చపాటా మిర్చి కోసం ప్రత్యేకంగా వెతికాం. టమాటాలా గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. పచ్చళ్లకు, రంగు కోసం దీనికి గిరాకీ. 2025లో వరంగల్ చపాటాకు కూడా భౌగోళిక గుర్తింపు వచ్చింది. యార్డులో మనలాంటి వారికి కిలో రెండు కిలోలు అమ్మరు. బయట ఒక సంఘం ఆడవాళ్లు దంచిన కారం అమ్ముతుంటే కొన్నాం. పొట్లం మీద ఊరి పేరు, దంచిన తేదీ ఉన్నాయి. అదే కారం నగరంలో నిగనిగలాడే డబ్బాలో ఎక్కువ ధరకు వస్తుంది, డబ్బా మీద రైతు ఊరు ఉండదు. మధ్యాహ్న భోజనం సంఘాలు నడిపే మహిళా శక్తి క్యాంటీన్‌లో చేశాం. పప్పు రుచిగా ఉంది. కూర్చునే చోటు ఇరుకు, చేయి కడుక్కునే దగ్గర నీళ్లు నిలిచాయి. అయినా మళ్లీ అక్కడే తింటాను.

కొత్తవాడకు ఒక గంట చాలనుకున్నాను, సాయంత్రం దాకా కదల్లేదు. వరంగల్ జంపఖానాలు నేసే వాడ ఇది. 1851లో లండన్ మహాప్రదర్శనలో వరంగల్ తివాచీలు పెట్టారంటే, ఈ చేతుల పేరు ఎంత దూరం వెళ్లిందో ఊహించవచ్చు. 2018లో వరంగల్ జంపఖానాలకు గుర్తింపు వచ్చింది. మేము వెళ్లిన ఇంట్లో భర్త గుంట మగ్గంలో దిగి నేస్తున్నాడు, భార్య కండెలు చుడుతోంది. నూలు సొసైటీ ఇస్తుంది, నేసినదానికి కూలి కడుతుంది. పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వమే, ఆర్డరు వచ్చిన నెల పని, రాని నెల ఎదురుచూపు. పిల్లలిద్దరూ చదువుకున్నారు, మగ్గం ఎక్కరు.

"ఎక్కమని నేనూ అనను, అక్కా. పని రోజూ ఉంటుందని నాకే నమ్మకం లేనప్పుడు వాళ్లకేం చెప్పను?" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. రెండు జంపఖానాలు తీసుకున్నాం, అయిదడుగులది ఒకటి, గుమ్మం ముందు వేసేది ఒకటి. రెండు వైపులా ఒకే అల్లిక, తిప్పి వేసుకోవచ్చు. సొసైటీ దుకాణంలో రశీదు ఇచ్చారు, ఫోనుతో డబ్బు తీసుకున్నారు. అక్కడ నాకు నచ్చని సంగతి ఒకటే, వస్తువు మీద నేసినవారి పేరు లేదు. పేరు ఉంటే మళ్లీ కొనాలనుకున్నప్పుడు ఆ మనిషినే అడుగుతాం. రోజూ పని అలాగే మొదలవుతుంది.

ఇక్కడే ఇంకో మాట. 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు మూతపడ్డాక ఈ నగరం వేల కుటుంబాలకు ఒకే చోట పని దొరికే రోజులను పోగొట్టుకుంది. ఇప్పుడు గీసుగొండ వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు వచ్చింది. రావలసిందే, యువతకు ఉద్యోగాలు కావాలి. ఆ పెద్ద గేటు లోపల ఒక దుకాణం కొత్తవాడ మగ్గాలకు కూడా ఉంటే బాగుంటుందని నా కోరిక.

కోటనూ, తోరణాలనూ పొద్దువాలే వేళ చూశాం. వాటి గురించి ఎందరో రాశారు.

మూడో రోజు ములుగు దారిలో ఒక ఇంటి మేడ మీద రెండు గదులు అద్దెకిచ్చే కుటుంబం దగ్గర బస. హనుమకొండ హోటలు ఖర్చులో సగం కూడా కాలేదు. దోమలున్నాయి, స్నానాల గది కింద ఉంది, మోకాళ్ల నొప్పులున్న వారికి మెట్లు కష్టం. అయితే రాత్రి జొన్న రొట్టె, ఉదయం సర్వపిండి, మాతో పంపడానికి సకినాలు! సంక్రాంతి పోయినా ఆ ఇల్లాలికి సకినాల ఆర్డర్లు ఆగలేదు. ఇరుగు పొరుగు నలుగురు ఆడవాళ్లు వచ్చి చుడతారు, కిలోకు ఇంత అని పంచుకుంటారు. ఒక్క చేతి వేళ్లతో పిండి మెలిపెడుతూ చుట్లు చుట్టడం చూస్తే కంటికి పండగ. మా పుస్తకంలో ఆ రోజు ఖర్చు పక్కన అన్నీ ఒకే వీధి పేర్లు.

పాలంపేటలోని రామప్ప గుడి హనుమకొండకు సుమారు 70 కిలోమీటర్లు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించినది, 2021 జూలైలో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. నల్లరాతి మదనికల ముందు వదిన అరగంట నిలబడిపోయింది. శిల్పి పేరుతో పిలిచే గుడి ముందు ఈనాటి శిల్పుల చేతిపని కనిపించకపోవడమే నన్ను బాధించింది. మేము వెళ్లిన రోజు అంగళ్ల నిండా ఎక్కడో అచ్చు పోసిన ప్లాస్టిక్ బొమ్మలు ఉన్నాయి. పెంబర్తి గంట లేదు, చేర్యాల మొహం లేదు. అమ్మేవారిని తప్పుపట్టను, అప్పు మీద దొరికే సరుకే పెడతారు. పెంబర్తి వారు, చేర్యాల వారు వాళ్లకు పదిహేను రోజుల అరువు ఇవ్వగలిగే స్థితిలో లేరు. ఆ అరువుకు పూచీ నిలిచే సంస్థ ఒకటి మధ్యలో ఉంటే చాలు. లక్నవరం చెరువు దగ్గర వేలాడే వంతెన, నీళ్లు బాగున్నాయి. ఆదివారం వెళ్లకండి, నడవడానికి చోటుండదు.

నాలుగో రోజు కరీంనగర్‌లో వెండి తీగ పని చూశాం. జుట్టంత సన్నని తీగను మెలిపెట్టి నెమళ్లు, పన్నీరు బుడ్లు అల్లుతారు. మా చేతిలో డబ్బు అయిపోయింది, ఒక చిన్న కుంకుమ భరిణెతో సరిపెట్టుకున్నాం.

ఏప్రిల్ చివర పటం వచ్చింది. జంపఖానా మీద పరిచి ఫోటో తీసి కొత్తవాడ తమ్ముడికి పంపాను. సాయంత్రం ఫోను చేశాడు. వాళ్ల తాత కాలంలో కూనపులివారు వాడలో రాత్రంతా ఈ కథ చెప్పేవారట, తాను మాత్రం పటం చూడలేదట. ఆగస్టులో చేనేత దినోత్సవానికి సంఘం భవనంలో పెట్టడానికి పెద్దది వేయించాలనుకుంటున్నారు, వేసినవారి నంబరు కావాలన్నాడు. చేర్యాల ఇంటికి ఫోను చేసి అడిగి, వాళ్లు సరేనన్నాక నంబరు పంపాను.