108లో పనిచేయాలంటే ఏ చదువు మేలు?

ఇంటర్ బైపీసీ అయ్యి, అంబులెన్సు ఉద్యోగం మీద మనసు పడ్డ పిల్లల ముందు ప్రధానంగా మూడు దారులున్నాయి. మామూలు బీఎస్సీ చదివి 108లో ఈఎంటీగా, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌గా చేరడం ఒకటి. బీఎస్సీ ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీ రెండోది. మూడోది నర్సింగ్. పారామెడికల్ డిప్లొమాలను ఇక్కడ కలపడం లేదు. వాటిలో ఎక్కువ భాగం ల్యాబు, ఎక్స్‌రే, ఆపరేషన్ థియేటర్ పనికి తయారుచేసేవి.

మొదటి దారిలో ఖర్చు తక్కువ. బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ), ఫార్మసీ, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివినవాళ్లను తీసుకుని, సర్వీసు నడిపే సంస్థే కొన్ని వారాలు శిక్షణ ఇచ్చి బండి ఎక్కిస్తుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైన నాటి నుంచి ఎందరి ప్రాణాలో నిలబెట్టింది ఇలా తయారైనవాళ్లే. వాళ్లంటే నాకు చాలా గౌరవం. అయినా ఆ కొద్ది వారాల్లో పట్టుబడేది చేతిపని వరకే: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5-6 సెంటీమీటర్ల లోతున ఛాతీ నొక్కడం, రక్తం ఆపడం, విరిగిన కాలికి బద్దలు కట్టడం, దారిలో కాన్పు చేయడం.

పురుగుమందు తాగిన మనిషిని ఎక్కించుకున్నారనుకోండి. నోట్లో నురగ, సూదిమొనంత కంటిపాపలు, నెమ్మదించిన గుండె. ఈ మూడింటినీ కలిపి చూసి ఇది ఆర్గానోఫాస్ఫరస్ విషమని పట్టుకోవాలి. దానికి విరుగుడుగా అట్రోపిన్ ఎందుకిస్తారో, ఊపిరితిత్తుల్లో ఊటలు ఆరేదాకా ఎందుకు ఇస్తూనే ఉంటారో తెలియాలంటే ఫిజియాలజీ (శరీరం పనిచేసే తీరు), ఫార్మకాలజీ (మందులు పనిచేసే తీరు) చదివి ఉండాలి. ఫోన్‌లో డాక్టరు సలహా దొరుకుతుంది, నిజమే. కానీ ఏం చూసి చెప్పాలో మనకు తెలిస్తేనే ఆయన సరైన సలహా ఇవ్వగలరు. 108ని మొదలుపెట్టిన ఈఎంఆర్ఐ అనే సంస్థ కూడా 2007లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీతో కలిసి రెండేళ్ల పారామెడిక్ (పైస్థాయి అంబులెన్సు సిబ్బంది) కోర్సు పెట్టింది. కొన్ని వారాల శిక్షణ చాలదనడానికి నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఆ లోటు తీర్చేది రెండో దారి. మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. క్యాజువాలిటీ (అత్యవసర విభాగం), ఐసీయూ, లేబర్ రూమ్ పోస్టింగులుంటాయి. ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరు పక్కన నిలబడి గొంతులో ట్యూబు వేయడం నేర్చుకోవచ్చు. ఈసీజీ చూసి గుండెపోటని పోల్చి, దగ్గరి చిన్న ఆస్పత్రికా లేక గుండె రక్తనాళాల్లో అడ్డు తీసే క్యాథ్ ల్యాబ్ ఉన్నచోటికా అని తేల్చుకునే సత్తా వస్తుంది. 2021 నాటి అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల చట్టం ఈ పనిని తన జాబితాలో చేర్చింది కూడా. ఇబ్బందల్లా ఉద్యోగాల దగ్గరే. స్టాఫ్ నర్సులకు పడ్డట్టు వీళ్లకు ప్రభుత్వ నోటిఫికేషన్లు పడవు.

అందుకే తల్లిదండ్రులు నర్సింగ్ వైపు మొగ్గుతారు. జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. వార్డు, క్యాజువాలిటీ, 108, విదేశం, ఎటైనా పోవచ్చు. అయితే ఆ చదువంతా మంచం మీదున్న రోగి చుట్టూ తిరుగుతుంది. నుజ్జయిన కారులోంచి మెడ కదలకుండా మనిషిని బయటికి తీయడం, పదిమంది గాయపడ్డచోట ముందు ఎవరిని చూడాలో తేల్చడం ఉద్యోగంలో చేరాక నేర్చుకోవాల్సినవే.

నన్నడిగితే, అంబులెన్సే జీవితమనుకునేవాళ్లకు రెండోదే మేలు. బ్రిటన్‌లో పారామెడిక్‌గా నమోదు కావడానికి కూడా 2021 సెప్టెంబరు నుంచి డిగ్రీ స్థాయి చదువు కావాలి. ఇంటి బరువు మోయాల్సినవాళ్లు నర్సింగ్ చేసి, బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ (గుండె ఆగినవాళ్లను కాపాడే ప్రాథమిక, పైస్థాయి శిక్షణలు) కార్డులు తీసుకుని, వాటిని రెండేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ క్యాజువాలిటీలో పనిచేయడం నయం. డిగ్రీ ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లు మళ్లీ నాలుగేళ్లు పెట్టక్కర్లేదు, 108 శిక్షణకే వెళ్లొచ్చు.

రెండో దారిలో దిగేవాళ్లు మాత్రం ఫీజు కట్టకముందే ఆ కాలేజీ సీనియర్లను కలవండి. సొంత ఆస్పత్రి ఉందా, క్యాజువాలిటీకి రాత్రుళ్లు కేసులొస్తాయా, ఇంటర్న్‌షిప్‌లో అంబులెన్సు ఎక్కిస్తారా, లేక బొమ్మల మీద సాధనతోనే సరిపెడతారా అని అడగండి.