చక్రాల సూట్‌కేసా, వీపు బ్యాగా: 7 కిలోల్లో విదేశీ ప్రయాణానికి ఏది మేలు?

తక్కువ సామానుతో విదేశాలకు వెళ్దామనుకునేవాళ్లు బ్యాగు కొనేటప్పుడు ఎన్ని లీటర్లదో చూస్తారు, జేబులు లెక్కపెడతారు, రంగు ఎంచుకుంటారు. ఖాళీ బ్యాగు ఎంత బరువుందో అడిగేవాళ్లు తక్కువ. చెకిన్ కౌంటర్‌లో మాత్రం ముందు దెబ్బకొట్టేది ఆ బరువే. సింగపూర్ ఎయిర్‌లైన్స్, ఎమిరేట్స్ ఎకానమీ ప్రయాణికులకు క్యాబిన్‌లో 7 కిలోలు ఇస్తాయి, లుఫ్తాన్సా 8 ఇస్తుంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 23 కిలోల దాకా ఒప్పుకుంటుంది గానీ, దాన్ని సీటు పైనున్న అరలోకి మీరే ఎత్తుకోవాలి. అమెరికా పెద్ద ఎయిర్‌లైన్లు చాలావరకు కొలతతో సరిపెట్టుకుంటాయి. రెండు మూడు సంస్థల విమానాలు మారే ప్రయాణమైతే, వాటిలో ఎవరి నియమం ఎక్కువ కఠినమో దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. అందుకే ఈ పోలికంతా 7 కిలోల మీదే.

కొలత విషయం త్వరగా తేల్చేద్దాం. 55×40×20 సెం.మీ. బ్యాగు చాలాచోట్ల చెల్లుతుంది కానీ, అమెరికా సంస్థలు ఇచ్చే సుమారు 56×36×23 కొలతలో ఆ 40 వెడల్పు పట్టదు. 55×35×20 లోపు ఉంటే పెద్ద ఎయిర్‌లైన్లలో దాదాపు ఎక్కడా పేచీ రాదు. ఈ కొలతలో చక్రాలు, పిడి, బయటి జేబుల ఉబ్బు అన్నీ కలిసే ఉంటాయి. చౌక ఎయిర్‌లైన్లు ఉచితంగా ఇచ్చేది తరచుగా సీటు కింద పట్టే చిన్న బ్యాగు మాత్రమే. పై అరలో పెట్టే బ్యాగుకు వేరే డబ్బు కట్టాలి, అదీ టికెట్ కొనేటప్పుడు కడితేనే తక్కువ.

ఖాళీ బ్యాగు తినేసే బరువు

నాలుగు చక్రాల గట్టి పెట్టె క్యాబిన్ సైజులో సాధారణంగా 2.5 నుంచి 3.2 కిలోలు తూగుతుంది. రెండు చక్రాల గుడ్డ సూట్‌కేసు 2 నుంచి 2.5. అదే సైజు ట్రావెల్ బ్యాక్‌ప్యాక్, అంటే పుస్తకంలా పూర్తిగా తెరుచుకునే వీపు బ్యాగు, 1.2 నుంచి 1.6 కిలోలు. 7 కిలోల్లో ఆ కిలోన్నర తేడా ఎంత పెద్దదో ఒక జాబితా వేస్తే తెలుస్తుంది.

ఒక మోస్తరు చలిలో రెండు వారాల ప్రయాణం అనుకుందాం. ఒంటిమీద ఉన్నవి కాక బ్యాగులో: మూడు టీషర్టులు 450 గ్రాములు, ఒక చొక్కా 250, పలచని ప్యాంటు 400, లోదుస్తులు, సాక్సులు కలిపి 450, ఫ్లీస్ (మెత్తటి, వెచ్చని చలి పైబట్ట) 350, వాన జాకెట్ 300, రాత్రి దుస్తులు 300, రెండో జత తేలిక చెప్పులు 500, సబ్బు, షాంపూ, బ్రష్షుల పౌచ్ 700, ఛార్జర్, కేబుళ్లు, పవర్ బ్యాంక్, అడాప్టర్ 700, మందులు, కాగితాలు 300, మూడు ప్యాకింగ్ క్యూబ్‌లు, అంటే బట్టలు విడివిడిగా సర్దుకునే జిప్పు సంచులు, 200. మొత్తం 4.9 కిలోలు. వీటిని 1.4 కిలోల వీపు బ్యాగులో పెడితే 6.3. ఇంకో 700 గ్రాములు మిగిలాయి. అవే 2.8 కిలోల గట్టి పెట్టెలో పెడితే 7.7. ఒక్క వస్తువు మారకుండానే లెక్క తప్పింది.

లోపలి చోటులోనూ ఇదే వరస. 55 సెం.మీ. పెట్టెలో చక్రాలకే 4–5 సెం.మీ. పోతాయి. సాగే పిడి తాలూకు రెండు గొట్టాలు అడుగున గట్లలా లేచి ఉంటాయి. వాటి మధ్య, పక్కల ఉన్న పల్లాల్ని ముందు సాక్సులతో, లోదుస్తులతో పూడ్చి చదును చేయకపోతే ఆ చోటు వృథా అవుతుంది, పైన పెట్టిన చొక్కాకు ఆ గట్లే మడతలు వేస్తాయి. వీపు బ్యాగుకు ఈ గొడవ లేదు. దానికి వేరే జబ్బుంది: కుక్కినకొద్దీ ఉబ్బుతుంది. 20 సెం.మీ. మందం అని రాసున్న బ్యాగు నిండాక 25కి వస్తే, ఎయిర్‌లైన్ వాళ్లు బ్యాగు సైజు చూసే కొలత పెట్టెలో దిగదు. లోపలికి లాగి బిగించే పక్క పట్టీలు ఉన్న బ్యాగు తీసుకోవడం, ముందు జేబును విమానం దిగేదాకా ఖాళీగా ఉంచడం దీనికి మందు.

నేల ఏమంటుందో చూడాలి

విమానాశ్రయం నున్నటి నేల మీద నాలుగు చక్రాల పెట్టెను మించింది లేదు. ఒక వేలితో తోస్తే పక్కనే నడుస్తుంది, మణికట్టుకు బరువు తెలియదు. రాళ్లు పరిచిన పాత వీధి, గులకరాళ్ల దారి, మంచు బురద, లిఫ్ట్ లేని మెట్రో మెట్లు వచ్చేసరికి కథ మారుతుంది. ఈ రకం చక్రాలు చిన్నవి, అన్ని వైపులకూ తిరుగుతాయి, బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. అందుకే సందులో ఇరుక్కుంటాయి, దెబ్బ తగిలితే మెడ దగ్గర విరుగుతాయి. బస్సులో, రైల్లో మలుపు తిరిగినప్పుడు పెట్టె తనంతట తానే నడవా వెంట వెళ్లిపోతుంది కూడా.

రెండు చక్రాల రకాన్ని పాత మోడలని తీసిపారేస్తారు కానీ, ఎగుడుదిగుడు నేల మీద అదే గట్టిది. చక్రం సగం పెట్టె ఒంట్లోకి దిగి ఉంటుంది, సైజు కొంచెం పెద్దది, ఒకే దిశలో తిరుగుతుంది. అదే బయటి కొలతలో లోపల చోటు కూడా కొంచెం ఎక్కువ. చక్రం రివెట్‌తో కాకుండా స్క్రూలతో బిగించి ఉందేమో చూడండి. అరిగితే ఇంట్లోనే మార్చుకోవచ్చు.

వీపు బ్యాగు మెట్లకు, రాళ్లకు, పరుగుకు లొంగదు. చేతులు రెండూ ఖాళీ. అయితే 7 కిలోలు అరగంట మోస్తే భుజాలకు తెలుస్తుంది, వేడి చోట వీపు తడుస్తుంది. నడుము పట్టీ ఉంటే బరువులో చాలావరకు తుంటి మీదికి దిగుతుంది, కానీ అది తుంటి ఎముక పైన కూర్చోవాలి. పొట్ట మీద బిగిస్తే ఊపిరాడదు, బరువూ దిగదు. బరువైనవి వీపుకు ఆనుకుని, నడుము కన్నా కాస్త పైన సర్దాలి. ఛార్జర్లు, బూట్లు బయటి జేబులో వేస్తే బ్యాగు వెనక్కి లాగుతుంది, ఆ లాగుడుకు మనిషి తెలియకుండానే ముందుకు వంగి నడుస్తాడు. మెడ, నడుము నొప్పులున్నవాళ్లకు వీపు బ్యాగు చెప్పం.

రెండిటినీ కలిపిన రకం, అంటే చక్రాలూ భుజం పట్టీలూ ఉన్న బ్యాగు, వినడానికి బాగుంటుంది. బరువు సూట్‌కేసుది, వీపుకు తగిలే గట్టి చట్రం దాని సొంతం. 7 కిలోల పరిమితిలో అది రెండు వైపులా నష్టమే.

గట్టి పెట్టెల ప్లాస్టిక్‌లలో పాలీకార్బొనేట్ దెబ్బకు వంగి మళ్లీ నిలబడుతుంది. చవకగా దొరికే ఏబీఎస్ చలిలో మూలల దగ్గర పగులుతుంది. ఏదైనా సరే మధ్యకు విచ్చుకునే రకమైతే హోటల్ గదిలో రెండింతల నేల కావాలి. చిన్న గదుల్లో మంచం మీద పెట్టక తప్పదు, వీధిలో దొర్లిన చక్రాలతో సహా. వీపు బ్యాగులో ముందు పోయేది జిప్పు. పళ్లు కలవకుండా విడిపోతుంటే తప్పు చాలాసార్లు పళ్లది కాదు, అరిగి వదులైన స్లైడర్‌ది, అంటే పళ్లను కలుపుతూ జరిగే ముక్కది. దాని వెనక అంచుల్ని పట్టకారుతో రెండు వైపులా కొద్దికొద్దిగా నొక్కితే ప్రయాణం ముగిసేదాకా ఆగుతుంది.

మామూలు క్యూబా, కంప్రెషన్ క్యూబా, గాలి తీసే కవరా

సర్దుడులో ఎక్కువమంది పొరబడేది ఇక్కడ. కంప్రెషన్ క్యూబ్‌కు రెండో జిప్పు ఉంటుంది, అది లాగితే బట్టలు అణిగి చోటు మిగులుతుంది. గాలి తీసే ప్లాస్టిక్ కవరు ఇంకా ఎక్కువ అణుస్తుంది. కానీ బరువు ఒక్క గ్రాము కూడా తగ్గదు. మిగిలిన చోటు చూసి చేయి ఊరుకోదు, ఇంకో రెండు జతలు పెడతాం, తూకం దాటుతుంది. పైగా గాలి తీసిన కవరులో బట్టలు ముడతలు పడతాయి, చిన్న చిల్లు పడితే మళ్లీ ఉబ్బుతుంది. వాక్యూమ్ క్లీనర్ అవసరమైన రకమైతే తిరుగు ప్రయాణంలో అది పనికిరాదు. చుట్టి గాలి పోగొట్టే రకం కొంత నయం.

మామూలు పలచని క్యూబ్‌లు రెండు మూడు, కంప్రెషన్‌ది ఒకటి, ఇదీ మా ఓటు. కంప్రెషన్‌ది ఫ్లీస్, జాకెట్ లాంటి గాలి పట్టే బట్టలకే. టీషర్టులు, ప్యాంట్లు అప్పటికే చిక్కగా ఉంటాయి, వాటిని నొక్కి సాధించేది ముడతలే. క్యూబ్‌ల్ని రోజుల వారీగా కాకుండా రకం వారీగా విడగొట్టండి: పైబట్టలు ఒకదాంట్లో, లోదుస్తులు, సాక్సులు ఒకదాంట్లో. మాసినవాటికి క్యూబ్ అక్కర్లేదు, 20 గ్రాముల పలచని సంచి చాలు.

మడతా చుట్టా అన్నదానికి జవాబు బట్టను బట్టి. టీషర్టుల్లాంటి అల్లిక బట్టలు చుట్టండి, కాలరున్న చొక్కాలు మడవండి.

బట్టల సంఖ్య తగ్గాలంటే ఉతకక తప్పదు, ఉతికితే తెల్లారేసరికి ఆరాలి. జీన్స్ 600–800 గ్రాములు తూగుతుంది, ఒక రాత్రిలో ఆరదు. నూలు టీషర్టు కూడా చల్లని గదిలో తేమగానే ఉంటుంది. పాలిస్టర్ త్వరగా ఆరుతుంది కానీ చెమట వాసన పట్టేస్తుంది. పలచని మెరీనో ఉన్ని ఖరీదు ఎక్కువే, వాసన మాత్రం రెండు మూడు రోజులు వేసుకున్నా అంతగా రాదు. ఏ బట్టైనా పిండాక పొడి తువ్వాలు మీద పరిచి, రెండూ కలిపి చుట్టి, ఆ చుట్టను మోకాలితో గట్టిగా నొక్కితే ఆరే సమయం బాగా తగ్గుతుంది.

సెక్యూరిటీ దగ్గర తేడా

ద్రవాల నియమం రెండు బ్యాగులకూ ఒకటే: ఒక్కో సీసా 100 మి.లీ. లోపు, అన్నీ కలిపి ఒక లీటరు పారదర్శక సంచిలో. 200 మి.లీ. సీసాలో అడుగున కొంచెమే ఉన్నా తీసేస్తారు, చూసేది సీసా కొలతే. సామాను లోపలిని అన్ని వైపుల నుంచీ చూపే సీటీ స్కానర్లు పెట్టిన కొన్ని విమానాశ్రయాలు దీన్ని సడలించాయి కానీ, తిరుగు ప్రయాణంలోని విమానాశ్రయం కూడా సడలించి ఉంటేనే అది మీకు పనికొస్తుంది. సబ్బు, షాంపూ, డియోడరెంట్ గట్టి కడ్డీల రూపంలో తీసుకుంటే ఈ గొడవ సగం తీరుతుంది. లాప్‌టాప్, ద్రవాల సంచి చేయి పెట్టగానే తగలాలి. ఇక్కడ వీపు బ్యాగుకూ ముందు జేబున్న గుడ్డ సూట్‌కేసుకూ మొగ్గు. గట్టి పెట్టెను ట్రే దగ్గర నిలువునా విప్పాల్సి వస్తుంది.

పవర్ బ్యాంక్ చెకిన్ సామానులో పెట్టకూడదు. 100 వాట్-అవర్ల (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) దాకా చేతి సామానులో సాధారణంగా సరే, 100 నుంచి 160 మధ్యదైతే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. లెక్క తేలిక: పవర్ బ్యాంక్ మీదున్న ఎంఏహెచ్ (mAh) అంకెను 3.7తో గుణించి 1000తో భాగిస్తే వాట్-అవర్లు వస్తాయి. 20,000 అయితే 74. అంకెలు చెరిగిపోయిన పవర్ బ్యాంక్‌ను ఆపేసే అవకాశముంది, అలాంటిది ఇంట్లోనే వదిలేయండి. పై అరలు నిండిపోయాయని గేటు దగ్గర మీ బ్యాగును కిందికి పంపుతామన్నారనుకోండి, పవర్ బ్యాంక్, మందులు, పాస్‌పోర్టు, లాప్‌టాప్ అప్పటికప్పుడు బయటికి రావాలి. ఈ నాలుగూ ఒకే చిన్న సంచిలో అన్నిటికన్నా పైన ఉంటే ఒక్క లాగుడుతో పని అవుతుంది. గేటు దగ్గర పంపినప్పుడు వీపు బ్యాగు పట్టీలు కన్వేయర్‌లో చిక్కుకోకుండా లోపలికి దాచి జిప్పు వేసే ఏర్పాటు ఉండాలి. లేకపోతే నడుము పట్టీని బ్యాగు చుట్టూ వెనక్కి తిప్పి బిగించండి.

ప్లగ్ అడాప్టర్ ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది, వోల్టేజీని కాదు. ఛార్జర్ మీద 100–240 అని ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది. 230 వోల్టుల హెయిర్ డ్రయ్యర్ మాత్రం జపాన్ 100 వోల్టుల దగ్గర సరిగా వేడెక్కదు. 65 వాట్ల ఒకే ఛార్జర్ తీసుకుంటే ఫోనుకూ, చాలా లాప్‌టాప్‌లకూ సరిపోతుంది, రెండో ఛార్జర్ బరువు తప్పుతుంది.

మరి ఎవరికి ఏది

ఊళ్లు మారుతూ, రైళ్లూ మెట్లూ ఎక్కుతూ తిరిగే ప్రయాణానికి 35–38 లీటర్ల వీపు బ్యాగు. ఒకే ఊళ్లో బస, వాహనంలో హోటల్‌కు, ఇస్త్రీ చొక్కాలతో సమావేశాలు అయితే రెండు చక్రాల గుడ్డ సూట్‌కేసు. నాలుగు చక్రాల గట్టి పెట్టె తూకం చూడని ఎయిర్‌లైన్లకే.

మంచు దేశాల చలికాలం, చిన్నపిల్లలతో ప్రయాణం, 100 మి.లీ. దాటిన మందు సీసాలు ఎక్కువ ఉంటే చెకిన్ చేయడమే మేలు, మొండికెళ్లొద్దు. అప్పుడు ఒక జత బట్టలు, రెండు రోజుల మందులు చేతి బ్యాగులో ఉండాలి. సామాను రాకపోతే విమానాశ్రయం వదలకముందే ఎయిర్‌లైన్ కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి నంబరు తీసుకోండి. అంతర్జాతీయ విమాన ప్రయాణాల్లో పరిహారానికి సంబంధించిన మాంట్రియల్ ఒప్పందం వర్తించే ప్రయాణాల్లో బ్యాగు దెబ్బతింటే 7 రోజుల్లో, ఆలస్యంగా అందితే చేతికొచ్చిన 21 రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలి. 2024 డిసెంబరు 28 నుంచి పరిహారం గరిష్ఠంగా ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క యూనిట్). బ్యాగు లేని రోజుల్లో కొన్న బట్టలకూ బ్రష్షుకూ రసీదులు దాచండి, బ్యాగు అప్పగించే ముందు తెరిచి ఒక ఫోటో, మూసి ఒక ఫోటో తీసిపెట్టుకోండి.