ఫెరియాలే, ఫెస్టీవో, స్కోలాస్టికో: మూడేళ్ల వాల్ దోర్చా బస్సు ప్రయాణాలు

ఇటలీలో, టస్కనీ ప్రాంతంలోని వాల్ దోర్చా లోయ అందం గురించి చెప్పబోవడం లేదు. సైప్రస్ చెట్ల వరుసలు, గుండ్రటి గోధుమ దిబ్బలు ఎవరో ఒకరి కంప్యూటర్ తెర మీద మీరు చూసే ఉంటారు. నా గొడవంతా బస్‌స్టాపుల్లో అంటించే వేళల కాగితంతోనే.

మూడేళ్లుగా దగ్గర్లోని సియెనా నగరంలో ఉద్యోగం చేస్తున్నాను. కారు లేదు. ఇక్కడ నివాసం నమోదు చేసుకున్న ఏడాది తరువాత మన లైసెన్సు చెల్లదు, కొత్తది కావాలంటే ఇటాలియన్‌లో పరీక్ష రాయాలి. ఆ పుస్తకం రెండుసార్లు తెరిచి మూసేశాను. అందుకే పియెంజా అయినా, మోంటల్చీనో అయినా, మోంటెపుల్చానో అయినా, ఆ చుట్టుపక్కల ఏ ఊరికైనా నాకు బస్సే దిక్కు.

మొదటి ఏడాది కనిపించిన వారందరి దగ్గరా ఈ బస్సులను తెగ పొగిడాను. పొగాకు దుకాణంలో టికెట్టు కొనుక్కుని కిటికీ పక్కన కూర్చుంటే చాలు, కొండలు వాటంతటవే కదులుతాయి అని. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కాకపోతే సోమవారం నుంచి శనివారం వరకు, అదీ బడులు నడిచే రోజుల్లో అని కలుపుకోవాలి.

కాగితం మీద మూడు మాటలుంటాయి. ఫెస్టీవో అంటే ఆదివారాలు, పండుగలు. ఫెరియాలే దగ్గర బోల్తా పడ్డాను. ఇటాలియన్‌లో ఫెరియే అంటే సెలవులు కదా, ఫెరియాలే అంటే సెలవు రోజుల బస్సు అనుకుని ఒక ఆదివారం టిఫిను కట్టుకుని మరీ వెళ్లి నిలబడ్డాను. తీరా అది పనిదినాల బస్సు, శనివారంతో సహా. ఆ మాటను అలా తయారుచేసిన వాళ్లను ఏమనాలో నాకు తెలియదు.

మూడోది స్కోలాస్టికో. సెప్టెంబరు మొదటి వారం, గురువారం. శాన్ క్విరికో అనే ఊళ్లో పొద్దున తోట చూసి, పీచి అనే లావుపాటి పాస్తా తిని, రెండు దాటాక వచ్చే పియెంజా బస్సు కోసం నిలబడ్డాను. గురువారం ఆదివారం కాదు కదా అన్న ధీమా. అరగంట గడిచింది, ముప్పావు గంటయింది. ఎదురింటి మేడ మీద జెరేనియం కుండీలకు నీళ్లు పోస్తున్న ముసలావిడ నన్ను చాలాసేపు చూసి, ఆఖరికి చెంబు పక్కన పెట్టి, "స్కువోలా! స్కువోలా!" అని చేయి అడ్డంగా ఊపింది. అప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. ఆ వేళ పక్కన చీమ తలంత అక్షరాల్లో ఉంది, బడి రోజుల్లో మాత్రమే అని. టస్కనీలో బడులు తెరిచేది సెప్టెంబరు మధ్యలో. మా ఊరికీ ఇలాగే కాలేజీ పిల్లల బస్సొకటి ఉండేది. సెలవుల్లో రాదని ఊరందరికీ తెలుసు, ఎక్కడా రాసి ఉండేది కాదు. ఇక్కడ రాశారు, అదే కోపం.

తరువాతి బస్సు సాయంత్రానికి గానీ లేదు. నడిచాను. పది కిలోమీటర్లు, తెల్లటి మట్టి దారి, నెత్తిన ఎండ. సగం దారిలో విటలేటా చిన్న చర్చి వచ్చింది. బస్సులోంచి గోరంత కనిపించే చర్చి అది. దాని గోడ నీడలో కూర్చుని, బాటిల్‌లో మిగిలిన రెండు గుక్కలు తాగుతూ ఉంటే, కోసేసిన పొలాల మీదుగా గాలి వచ్చే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ బస్సు వచ్చి ఉంటే ఇక్కడ ఆగేదే కాదు. ఇది ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

పియెంజా చేరేసరికి బూట్లు పిండి మిల్లులోంచి వచ్చినట్టున్నాయి. పోప్ రెండవ పయస్ తాను పుట్టిన ఈ పల్లెను 1459లో తిరిగి కట్టించడం మొదలుపెడితే, 1462కల్లా పెద్ద చర్చి లేచింది. మూడేళ్లు. నాకు ఆ కాగితం చదవడం రావడానికీ అంతే పట్టింది.

ఒంటరిగా, తీరిగ్గా, గట్టి మోకాళ్లతో ఉండి, సియెనాలోనే మకాం పెట్టేవారికి ఈ బస్సులు చాలు. రెండు రోజుల్లో అన్నీ చూసి వెళ్లాలనుకునేవారికి, అందులో ఒకటి ఆదివారమైతే, నేను పూచీ పడను. వచ్చే నెల అమ్మా నాన్నా వస్తున్నారు. మోంటల్చీనోకి బస్సులోనే తీసుకెళ్తాను. పియెంజాకు మాత్రం కారున్న సహోద్యోగిని అడిగి పెట్టుకున్నాను.