నా ఒంటిచేతి కత్తి: మూడేళ్ళు వాడాక

ఈ కత్తి నా చేతికొచ్చి మూడేళ్ళు దాటింది, వారానికి రెండ్రోజులు ప్రాక్టీస్, ఇంక దీని గురించి రాయొచ్చు అనిపించింది. నేనుండేది న్యూరెంబర్గ్‌లో. మేం నేర్చుకునేది ఐ.33 అనే రాతప్రతిలోని కత్తి-బక్లర్ విద్య, బక్లర్ అంటే పిడికిట్లో పట్టుకునే చిన్న డాలు. యూరప్‌లో ఇప్పటిదాకా దొరికిన కత్తిసాము పుస్తకాల్లో ఇదే పాతది, 14వ శతాబ్దం మొదట్లో మా ఫ్రాంకోనియా వైపే రాశారంటారు, అసలు ప్రతి ఇప్పుడు లీడ్స్‌లో రాయల్ ఆర్మరీస్‌లో ఉంది. ఒక మతగురువు శిష్యుడికి నేర్పుతుంటాడు, చివర్లో వాల్పుర్గిస్ అనే ఆవిడ కూడా కత్తి పడుతుంది, ఆ బొమ్మలంటే నాకు ప్రాణం.

కత్తి చెక్ దేశంలో ఒక కమ్మరి చేత్తో చేసింది, ఆర్డరిచ్చి ఏడు నెలలు ఆగాను. బరువు 1.15 కేజీలు, అలుగు 77 సెం.మీ., స్ప్రింగ్ స్టీల్, పదునుండదు, అంచు 2 మి.మీ. మందం, కొస గుండ్రం. ఇంతేనా బరువు అని అందరూ అడుగుతారు, ఆ కాలం ఒంటిచేతి కత్తులూ ఇంచుమించు ఇంతే. అలుగు పిడి దగ్గర దళసరిగా ఉండి కొసకి వెళ్ళేకొద్దీ పలచనవుతుంది, అందుకే మణికట్టు తిప్పితే చాలు కొస వెంటనే వస్తుంది. క్లబ్బులో ఉన్న చవకరకం కత్తి మొదలు నుంచి కొస దాకా ఒకే మందం, అది ఊపితే గునపం ఊపినట్టే ఉంటుంది.

మా ఆటలో కత్తికి కత్తి ఆనించి ఒత్తుతూ ఉండటమే ఎక్కువ కాబట్టి అంచుకి గండ్లు పడతాయి, గండి పక్కన లేచిన ఇనప ముల్లు గ్లవ్‌ని చీల్చేస్తుంది, అందుకని ప్రతి ప్రాక్టీస్ అయ్యాక దూది తీసుకుని అంచు వెంబడి లాగుతాను, ఎక్కడ పోగు పట్టుకుంటే అక్కడ సన్న ఆకురాయితో రెండు రుద్దులు. తర్వాత తుడిచి కుట్టుమిషను నూనె. మొదటి చలికాలం ఇంట్లో ఉన్న కొబ్బరినూనె రాశా, తెల్లగా పేరుకుపోయింది, చెమట వేళ్ళు తగిలిన చోటల్లా తుప్పు, దయచేసి అది మాత్రం రాయకండి.

నాకు బాధ కలిగించింది ఒకటే. 14 నెలలకి పిడి చివరి గుండు వదులై కొట్టిన ప్రతిసారీ గలగలమంది. కమ్మరికి ఫోటోలు పంపితే రెండు వైపులా కొరియర్ ఖర్చు నువ్వే పెట్టుకో అన్నాడు, అది న్యాయం కాదు. ఇక్కడే ఒకాయన దగ్గర పిడి లోపల్నుంచి గుండు దాకా వెళ్ళే అలుగు తోక కొసని మళ్ళీ కొట్టి బిగించుకున్నా, అప్పట్నుంచి కదల్లేదు.

పిడి 10 సెం.మీ., మందపాటి గ్లవ్‌ వేసుకుని పట్టుకుంటే ఇరుకు. అయినా ఈ అలుగుతో ఆడాక ఇంకోటి పట్టబుద్ధి కావట్లేదు, రెండోది కూడా ఆయనకే ఆర్డరిచ్చా. మీరూ ఇస్తే గ్లవ్ వేసుకుని పిడికిలి కొలిచి పంపండి, నేనైతే ఈసారి 11 అడిగా.