నదికి వదిలిన నేలలో: బీస్‌బోస్ నుంచి మిల్లింగర్‌వార్డ్ దాకా

బీస్‌బోస్ చూడాలంటే పడవే దిక్కు. గట్టు మీద ఎంత దూరం నడిచినా, ఎంతసేపు సైకిల్ తొక్కినా కనిపించేది దాని అంచు మాత్రమే. లోపలంతా పాయలు, పాయల మధ్య దీవులు, దీవుల నిండా చిక్కగా అల్లుకున్న విల్లో చెట్లు. రైన్, మాస్ నదుల నీళ్లు సముద్రం వైపు వెళ్తూ చేసుకున్న మంచినీటి చిత్తడి నేల ఇది. సుమారు 9,000 హెక్టార్లు ఉంటుంది. 1994లో జాతీయ పార్కు అయింది. నెదర్లాండ్స్ వచ్చే మనవాళ్లు ట్యూలిప్ తోటలు, గాలిమరలు చూసుకుని వెళ్లిపోతారు కాబట్టి ఈ పేరు ఎక్కువగా వినపడదు. ఐంధోవన్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు కూడా "అక్కా, అడవి చూడాలంటే జర్మనీ పోదాం, ఇక్కడేముంది" అన్నాడు. పొలాలు, ఊళ్లు, గట్లు తప్ప ఏమీ మిగల్లేదనిపించే ఈ దేశంలో, నదికి స్థలం వదిలిన చోటల్లా అడవి తిరిగొస్తోంది. అది చూపించాలనే అమ్మని, తమ్ముడిని, మరదలిని, మేనల్లుడిని బయల్దేరదీశాను.

మకాం డోర్డ్రెక్ట్‌లో పెట్టాం. రాటర్‌డామ్ నుంచి రైల్లో ఇరవై నిమిషాల లోపే, కానీ వాటర్‌బస్‌లో రండి. గంట పడుతుంది. ఓడలు కట్టే యార్డులు, సరుకు పడవలు చూస్తూ నది మీదుగా పాత ఊరి రేవులోనే దిగుతారు. రైలైనా, బస్సైనా, కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు మిషన్‌కి ఆనిస్తే చాలు, విడిగా టికెట్ కొనే పనిలేదు. దిగేటప్పుడు మళ్లీ ఆనించడం మాత్రం మర్చిపోకూడదు.

మేం ఉన్నది పాత రేవు పక్కన ఒక చిన్న గెస్ట్‌హౌస్. గది శుభ్రంగా ఉంది, కిటికీ తీస్తే నీళ్లు. కానీ మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. అక్కడి పాత ఇళ్లన్నీ అంతే. మోకాళ్ల నొప్పులున్న అమ్మకి రోజూ అదొక పరీక్ష అయింది. పెద్దవాళ్లు ఉంటే లిఫ్ట్ ఉందో లేదో అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాకే డబ్బు కట్టండి. పార్కు అంచున క్యాంపింగ్ స్థలాలు కూడా ఉన్నాయి. తెల్లవారుజామునే పిట్టల కోసం లేచేవాళ్లకి అవే మేలు, దోమల మందు మాత్రం ఉండాలి.

ఇక పడవల సంగతి. రెండు రకాలు ఉన్నాయి. మొదటిది పెద్ద టూర్ పడవ. మేం ఎక్కిన దాంట్లో వ్యాఖ్యానమంతా డచ్‌లో, మైకులో, ఆగకుండా సాగింది. మిట్టమధ్యాహ్నం, నూరు మంది మాటల మధ్య వెడల్పాటి కాలువల్లో తిరిగితే నీళ్లు కనిపిస్తాయి గాని జంతువులు కనిపించవు. రెండోది అద్దెకిచ్చే చిన్న ఎలక్ట్రిక్ పడవ. మెల్లగా వెళ్లే రకం కాబట్టి లైసెన్సు అక్కర్లేదు. లైఫ్ జాకెట్లు, మ్యాపు వాళ్లే ఇస్తారు. ఇంజిన్ చప్పుడు ఉండదు, సన్న పాయల్లోకి వెళ్లొచ్చు. డిపాజిట్ కార్డు మీదే తీసుకుంటారు. అందరం పంచుకుంటే ఖర్చు ఫరవాలేదనిపించింది. రెండిట్లో ఒకటే అంటే కళ్లు మూసుకుని చిన్న పడవే తీసుకోండి.

ఆ చిన్న పడవలోనే మాకు మొదటిసారి బీవర్ (నీళ్లలో బతుకుతూ చెట్లు కొరికే ఎలుక జాతి జంతువు) చేసిన పని కనపడింది. ఒడ్డున మనిషి తొడంత లావు చెట్టు, చుట్టూ కొరికి పెన్సిల్ చెక్కినట్టు చేసి పడేసింది. పక్కనే కొమ్మలు, మట్టి కలిపి కట్టుకున్న దాని గూడు. ఈ దేశంలో చివరి బీవర్‌ని 1826లో చంపేశారు. నూట అరవై ఏళ్లు అసలు లేవు. 1988లో జర్మనీలోని ఎల్బే నది నుంచి తెచ్చి ఈ బీస్‌బోస్‌లోనే వదిలారు. ఇప్పుడు దేశమంతా పాకాయి. జంతువుని చూడాలంటే పొద్దుగూకే వేళ ఉండాలి. అందుకోసమే సాయంత్రం గైడుతో వెళ్లే ప్రత్యేక పడవలు ఉన్నాయి. ముందుగా బుక్ చేసుకోవాలి, సీట్లు తక్కువ. మా గైడు మోటారు ఆపేసి, మాట్లాడొద్దని సైగ చేశాడు. కాసేపటికి నీళ్ల మీద ఒక తల, వెనక రెండు గీతలు. ఎప్పుడూ ఏదో ఒకటి అడిగే మేనల్లుడు నోరు విప్పలేదు. మనిషి పోగొట్టుకున్న జంతువుని మనిషే తిరిగి తెచ్చుకుంటే అది ఇలా నిలబడుతుందని కళ్లారా చూడటం నాకు చాలా పెద్ద విషయం.

పక్షుల్లోనూ అంతే. తెల్లతోక గద్ద 2012లో ఇక్కడ గూడు పెట్టింది. చేపల గద్ద, అదే ఓస్ప్రే, 2016లో పిల్లల్ని పెంచింది. నెదర్లాండ్స్‌లోనే అది మొదటిసారి. లకుముకి పిట్టలు, నీటికాకులు, పెద్ద తెల్లకొంగలు మన కళ్లకి కొత్త కాదు గాని, లకుముకి పిట్ట మన దానికంటే మరీ చలిగాలుల్లో కూర్చుని ఉంటే ముచ్చటేసింది.

ఈ నేల పుట్టుక కూడా తెలుసుకుని చూస్తే బాగుంటుంది. 1421 నవంబరు 18 రాత్రి సెయింట్ ఎలిజబెత్ వరద వచ్చి, ఇక్కడున్న పొలాలనీ ఊళ్లనీ ముంచేసింది. ఆ నీళ్లు తర్వాత పూర్తిగా వెనక్కి పోలేదు. ఆ వరదని చిత్రించిన పాత బొమ్మలు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉన్నాయి, అక్కడికి వెళ్తే వెతికి చూడండి. తరవాత కొన్ని వందల ఏళ్లు జనం ఇక్కడ తుంగ కోశారు, విల్లో కొమ్మలు నరికారు. ఆ కొమ్మల్ని చాపల్లా అల్లి, రాళ్లు వేసి నీటి అడుగుకి దింపి గట్లకి పునాదిగా వాడేవారు. 1970లో, నీళ్లు సముద్రంలో కలిసే చోట కట్టిన హారింగ్‌ఫ్లిట్ ఆనకట్ట మూశాక సముద్రపు పోటు, పాటుల తేడా సుమారు రెండు మీటర్ల నుంచి చాలా చోట్ల 20, 30 సెంటీమీటర్లకి పడిపోయింది. ఇదంతా వెర్కెన్‌డమ్ దగ్గరున్న బీస్‌బోస్ మ్యూజియం దీవిలో చూపిస్తారు. 1944 చివర్లో దక్షిణం విముక్తమై ఉత్తరం జర్మన్ల చేతిలో ఉన్నప్పుడు, ఈ పాయల గుండా రాత్రిపూట చిన్న పడవల్లో మందులు, మనుషుల్ని చేరవేసినవాళ్ల గది దగ్గర తమ్ముడు చాలాసేపు నిలబడిపోయాడు. మ్యూజియం పైకప్పు మీద గడ్డి పెంచారు, దాని మీద నడవొచ్చు. క్యాంటీన్‌లో శాకాహారులకి దొరికేది తక్కువ. బఠాణీ సూప్ అని ఆశపడకండి, అందులో పంది మాంసం వేస్తారు. గుడ్డు తినేవాళ్లైతే మాంసం వేయని పాన్‌కేక్‌లు తినొచ్చు. మా పులిహోర డబ్బా మాకుంది.

మ్యూజియం నుంచి నోర్డ్‌వార్డ్ పక్కనే. ఒకప్పుడు గట్లు కట్టి సాగు చేసిన భూమి. 1993, 1995 వరదల తర్వాత, ముఖ్యంగా 1995లో రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించాక, ప్రభుత్వం ఆలోచన మార్చుకుంది. గట్లు ఇంకా ఎత్తు పెంచడానికి బదులు 'నదికి చోటు' పేరుతో ముప్పైకి పైగా ప్రాంతాల్లో నదికి స్థలం ఇచ్చింది. నోర్డ్‌వార్డ్ గట్లు తగ్గించి నీళ్లు లోపలికి రానిచ్చారు. కొందరు రైతులు ఊరు వదిలి వెళ్లారు. ఉండిపోయినవాళ్లకి ఎత్తైన దిబ్బల మీద ఇళ్లు కట్టారు. ఆ బాధ ఎవరిదో మర్చిపోకుండానే అక్కడి పక్షుల్ని చూడాలి. రోడ్డు పక్కన కారు ఆపి, దిగకుండానే తెడ్డుమూతి కొంగల్ని చూశాం. అమ్మకి మొత్తం యాత్రలో ఇదే ఎక్కువ నచ్చింది.

అక్కడి నుంచి నైమెగన్ వెళ్లాం. దాని తూర్పున, జర్మనీ సరిహద్దు దగ్గర మిల్లింగర్‌వార్డ్ ఉంది. రైన్ నది చీలిన దగ్గర్లో, వాల్ పాయ ఒడ్డున. రైన్ నీళ్లలో సుమారు మూడింట రెండు వంతులు వాల్‌లోకే వస్తాయి. ఇక్కడ పడవ అక్కర్లేదు, కాళ్లు కావాలి. గోదావరి లంకలు ఎరిగినవాళ్లకి ఈ చోటు వెంటనే అర్థమవుతుంది: వరద ముంచుతుంది, ఒండ్రు, ఇసుక వదిలి వెళ్తుంది, మళ్లీ పచ్చబడుతుంది. ఇటుకల పరిశ్రమ కోసం పైనున్న బంకమట్టి తీసినప్పుడు, అడుగున పూడుకుపోయిన పాత పాయల ఆకారం చెడకుండా తీశారు. అలా నదికి దాని పాత దారులు దొరికాయి. ఒడ్డు ఇసుకని గాలి ఎగరేసి నిజమైన ఇసుక దిబ్బ చేసింది. కోనిక్ గుర్రాలు, గాలోవే పశువులు ఏడాది పొడుగునా మేస్తూ తిరుగుతాయి. కంచెలు లేకుండా మన దారికే అడ్డం వస్తాయి. కనీసం 25 మీటర్ల దూరంలో ఉండాలి, తిండి పెట్టకూడదు. మేనల్లుడిని ఆపడానికి మరదలు చెయ్యి వదల్లేదు.

సేవలు ఇక్కడ తక్కువ. బస్సులు అరుదు, ఆదివారం మరీ. నైమెగన్‌లో సైకిల్ అద్దెకి తీసుకుని గట్టు మీదుగా వెళ్లడమే హాయి, దారంతా చదునే. రైల్వే వాళ్ల ఓవీ-ఫీట్స్ సైకిళ్లకి అక్కడి వ్యక్తిగత కార్డు కావాలి కాబట్టి పర్యాటకులు మామూలు సైకిల్ షాపుకే వెళ్లాలి. పొడుగు గడ్డిలో నడిచాక ఒంటిమీద పేలలాంటి టిక్ పురుగులు ఉన్నాయేమో చూసుకోవాలి, లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది. ఈ విషయంలో టెన్షన్ పడనక్కర్లేదు, రాత్రి స్నానం ముందు ఒకసారి వెతికితే చాలు.

నన్నడిగితే, చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే బీస్‌బోస్‌కి వెళ్లండి, మే నుంచి సెప్టెంబరు మధ్య. నడవగలిగినవాళ్లకి, ఒంటరిగా తిరగాలనుకునేవాళ్లకి మిల్లింగర్‌వార్డ్‌ని మించింది లేదు. చలికాలంలో అయితే దాని పక్కనే ఉన్న ఓయ్ పోల్డర్‌కి (పోల్డర్ అంటే గట్లు కట్టి కాపాడే పల్లపు నేల) ఉత్తరాది నుంచి అడవి బాతులు వేలల్లో దిగుతాయి. కానీ అదే కాలంలో వాల్ పొంగి నడకదారులు మునిగిపోతుంటాయి, కాబట్టి బయల్దేరే రోజు పొద్దున నీటిమట్టం చూసుకుని, రబ్బరు బూట్లు వేసుకుని వెళ్లండి.