ధమ్మఖేత్తలో పది రోజులు: ఎవరిది ఎక్కువ లోతు?

ఎల్బీనగర్ దాటి నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకుంటే వచ్చే విపశ్యన ధ్యాన కేంద్రం ఇది, 1976 నుంచి ఉంది. పది రోజుల కోర్సుకి ఫీజు లేదు, కోర్సు పూర్తి చేసినవాళ్లు ఇస్తే విరాళం తీసుకుంటారు, అంతే. తెల్లవారుజామున 4 గంటలకు గంట కొడతారు, ఫోన్ ముందే తీసేసుకుంటారు, మధ్యాహ్నం తర్వాత అన్నం ఉండదు. సదుపాయాలకు వంక పెట్టేదేం లేదు.

నేను రాయాలనుకున్నది పదో రోజు గురించి. అన్నాళ్లూ పాటించిన మౌనం వదలమనగానే భోజనాల హాలు చేపల మార్కెట్ అయిపోయింది. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే కుర్రాడొకడు "ఒళ్లంతా కరెంటు పారినట్టయింది అన్నా, అసలు శరీరమే లేనట్టు" అని చెప్తున్నాడు. పక్కన పళ్లెం కడుక్కుంటున్న రిటైరైన పెద్దాయన "నాకు మోకాళ్లు తప్ప ఏం తెలీలేదు బాబూ" అన్నారు. కుర్రాడు పాపం అన్నట్టు చూశాడు.

ఆ పెద్దాయన ధ్యానం హాల్లో నా ముందు వరసలోనే కూర్చునేవారు. గంటసేపు కాళ్లూ చేతులూ కదపకూడని అధిష్ఠానంలో నేను దొంగచాటుగా ఎన్నిసార్లు కళ్లు తెరిచినా, ఆయన కుడి పాదం దుప్పటి మడత మీద పెట్టింది పెట్టినట్టే ఉండేది. ఈ కోర్సులు నేర్పిన గోయెంకా గారి పద్ధతిలో చూసేది దాన్నే కదా, ఏ అనుభూతి వచ్చిందని కాదు, వచ్చినదాని ముందు ఎంత సమంగా ఉన్నామని. టీచర్ దగ్గరికి పిలిచినప్పుడు అడిగేదీ అదే.

దీన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. విశుద్ధిమగ్గం అనే పాత బౌద్ధ గ్రంథంలో చెప్పిన అప్పనా సమాధి, అంటే పూర్తి ఏకాగ్రత దాకా మనసు మునగకపోతే అది పైపై ధ్యానమే, కోర్సు మొదట్లో మూడు రోజులు ఊపిరిని గమనించే ఆనాపానతో ఏమొస్తుంది అంటారు. ఆ మాటా కొట్టిపారేసేది కాదు, ఏకాగ్రతకి మూడు రోజులు నిజంగానే తక్కువ. కాకపోతే ఆ వాదన వినగానే కొత్తవాళ్లు చేసే మొదటి పని పక్కవాడితో పోల్చుకోవడం. మాదాపూర్‌లో ఒకచోట వీకెండ్ క్లాసులో అయితే మీ అనుభవం కాగితం మీద రాయమని, దాన్నిబట్టి లెవెల్ ఇచ్చి, పై లెవెల్‌కి వేరే ఫీజు చెప్పారు! దానికంటే మోకాళ్ల నొప్పి నయం.

వెళ్లాలనుకుంటే దరఖాస్తులో మానసిక సమస్యలు, మందుల సంగతి దాచకుండా రాయండి. నడుం నొప్పి ఉంటే మొహమాటపడకుండా కుర్చీ అడగండి.