స్క్రాప్ భాగాలతో ఆఫ్‌రోడ్ ట్రక్కు: ఒకే డోనర్ బండి మేలా, ఏరి తెచ్చిన భాగాలు మేలా?

స్క్రాప్ యార్డు సామానుతో సొంతంగా ఆఫ్‌రోడ్ ట్రక్కు కట్టడానికి రెండు దారులున్నాయి. ప్రమాదంలో దెబ్బతిన్న ఒక పూర్తి ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని కొని, దాన్నే ఆధారంగా పెట్టుకోవడం మొదటిది. ఛాసిస్ ఒక బండిది, ఇంజిన్ ఇంకో బండిది, యాక్సిళ్లు మరో బండివి తెచ్చి కలిపి కట్టడం రెండోది. రెండో దారి మీద మోజు ఎక్కువ. ప్రతి భాగమూ దాని రకంలో గట్టిదే ఎంచుకోవచ్చు కదా అనిపిస్తుంది. నేను మాత్రం మొదటిసారి కట్టేవాళ్లకు ఒకే డోనర్ బండి, అంటే భాగాలన్నీ ఇచ్చే ఆ పూర్తి పాత బండే తీసుకోమని చెబుతాను. యాక్సిళ్ల విషయంలో మాత్రం బయటికి చూడొచ్చు, అది కూడా జతగా.

కారణం సులభమే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండిలో మనకు కనిపించని పొందికలు చాలా ఉంటాయి. గేర్‌బాక్స్ బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కు బిగించే ముందు తొడుగు) బోల్టు రంధ్రాలు ఇంజిన్‌తో కలుస్తాయి. గేర్‌బాక్స్ షాఫ్ట్ పళ్లు ట్రాన్స్‌ఫర్ కేస్‌లో (శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె) సరిగ్గా కూర్చుంటాయి. ముందు, వెనక యాక్సిళ్ల క్రౌన్ పినియన్ రేషియో (చక్రం ఒక్కసారి తిరగడానికి షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పే లెక్క) ఒకటే ఉంటుంది. ఏరి తెచ్చిన భాగాలతో కడితే ఈ పొందికలన్నీ మీరే కల్పించాలి. ముందు 3.73, వెనక 4.10 రేషియో ఉన్న యాక్సిళ్లు పడ్డాయనుకోండి. ఫోర్‌వీల్‌లో వేయగానే యాక్సిళ్లకు శక్తి తీసుకెళ్లే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులూ వేర్వేరు వేగాల్లో తిరగాలని చూస్తాయి, ట్రాన్స్‌ఫర్ కేస్ ఏమో రెండింటినీ కలిపి పట్టుకుంటుంది. బురదలో టైరు జారి ఆ తేడా సర్దుకుపోతుంది. రాతి మీద టైరు జారదు కాబట్టి లోపల ఏదో ఒకటి విరుగుతుంది.

ఇంకోటి చాలామంది ముందు చూసుకోరు. ముందు డిఫరెన్షియల్ (యాక్సిల్ మీద గేర్లుండే గుండ్రటి పెట్టె) కొన్ని యాక్సిళ్లలో ఎడమ పక్కన ఉంటుంది, కొన్నింటిలో కుడి పక్కన. ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందు షాఫ్ట్ బయటికొచ్చే పక్కా అదే అయ్యుండాలి. కాకపోతే షాఫ్ట్ ఇంజిన్ సంప్ (ఆయిల్ తొట్టి) కింద నుంచి అడ్డంగా పోవాలి, అక్కడ దానికి చోటుండదు. యార్డులో యాక్సిల్ ఎంత కొత్తగా మెరుస్తున్నా, ఈ ఒక్క విషయం కుదరకపోతే కొనకూడదు.

ఇంజిన్ దగ్గరికొస్తే ఒకే డోనర్ వల్ల లాభం ఇంకా తెలుస్తుంది. కంప్యూటర్‌తో నడిచే ఇంజిన్‌ను దిమ్మె ఒక్కటే కొంటే అది స్టార్ట్ కూడా కాకపోవచ్చు. దాని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), వైరింగ్ మొత్తం, యాక్సిలరేటర్ పెడల్, ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి లేకుండా స్టార్ట్ కానివ్వని పరికరం), దానికి కుదిర్చిన తాళంచెవి అన్నీ కావాలి. డోనర్ బండి ముందే ఉంటే ఒక్కో ప్లగ్గుకు చీటీ కట్టి, ఫొటోలు తీసి, వైరింగ్‌ను అలాగే ఎత్తి పెట్టుకోవచ్చు. వేరే చోట నుంచి వైర్లు కోసి తెచ్చిన ఇంజిన్‌తో మాత్రం నెలల తరబడి టెన్షనే.

ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. మెకానికల్ పంపు ఉన్న పాత డీజిల్ ఇంజిన్లు ఏరి కట్టే పద్ధతికి బాగా సరిపోతాయి. పంపు దగ్గర డీజిల్ తెరిచే సోలెనాయిడ్‌కు కరెంటు ఇచ్చి సెల్ఫ్ కొడితే చాలు, కంప్యూటర్ ఊసే లేదు. కమ్మిన్స్ 5.9 లీటర్ల 12 వాల్వ్ ఇంజిన్‌కు ఇంత గిరాకీ ఉండటానికి అదొక పెద్ద కారణం. కానీ దాని బరువు దాదాపు 500 కిలోలు. ముందు స్ప్రింగులు, బ్రేకులు, స్టీరింగ్, ఛాసిస్ మౌంట్లు అన్నీ ఆ బరువుకు తగ్గట్టు మార్చాలి. అదే కుటుంబానికి చెందిన నాలుగు సిలిండర్ల 3.9 లీటర్ల ఇంజిన్ తేలికే, వణుకు మాత్రం ఎక్కువ.

డోనర్ బండిని ఎలా ఎంచుకోవాలన్నది ఈ మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సిన చోటు. వెనక నుంచి గుద్దుడు తిన్న బండిలో ఇంజిన్, ముందు యాక్సిల్, స్టీరింగ్ సాధారణంగా బాగుంటాయి. కానీ ఛాసిస్ వంగిందేమో చూడాలి. ఛాసిస్ రెండు పొడవాటి పట్టాల మీదా ఒకే చోట్ల గుర్తులు పెట్టి, మూల నుంచి మూలకు టేపు పట్టి రెండు కొలతలూ సమానమో కాదో సరిచూడండి. నా దృష్టిలో అన్నింటికన్నా మంచి బేరం పల్టీ కొట్టిన బండి. బాడీ నలిగిపోయి ఎవరికీ పనికిరాకుండా ఉంటుంది, కింది భాగమంతా బాగుండే అవకాశం ఎక్కువ. మనకు కావలసింది ఆ కింది భాగమే. ఒక్క జాగ్రత్త: తలకిందులుగా పడున్నప్పుడు ఆయిల్ పిస్టన్ల మీదికి చేరి ఉండొచ్చు. స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ అయితే గ్లో ప్లగ్గులో ఇంజెక్టర్లో విప్పి, ముందు చేత్తో ఇంజిన్ తిప్పి చూశాకే సెల్ఫ్ కొట్టాలి. లేకపోతే కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు.

వరద నీళ్లలో మునిగిన బండి ఎంత చవకగా వచ్చినా డోనర్‌గా వద్దు. యాక్సిల్ ఆయిల్ ప్లగ్గు విప్పితే పాలలా తెల్లటి ఆయిల్ కారుతుంది, బేరింగులకు తుప్పు పడుతుంది, వైరింగ్ ప్లగ్గుల్లో పచ్చటి చిలుము చేరుతుంది. కాలిపోయిన బండి స్ప్రింగులు వేడికి పదును పోగొట్టుకుంటాయి, వాటిని ముట్టుకోవద్దు.

బాడీ విడిగా, నిచ్చెన ఛాసిస్ విడిగా ఉన్న బండే డోనర్‌గా చూసుకోండి. 1984 నుంచి 2001 వరకు వచ్చిన జీప్ చెరోకీ ఎక్స్‌జే లాంటివి ఆఫ్‌రోడ్‌లో గొప్పగా నడుస్తాయి, కానీ వాటిలో బాడీ, ఛాసిస్ ఒకటే. బాడీ తీసేసి మీకు నచ్చిన ట్రక్కు తొట్టి పెట్టుకోవడం కుదరదు.

ఇక ఏరి కట్టే పద్ధతి నిజంగా గెలిచేది యాక్సిళ్ల దగ్గర. చాలా బండ్ల ముందు భాగంలో ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉంటుంది, అంటే ఒక్కో చక్రం విడివిడిగా కదులుతుంది; సాలిడ్ యాక్సిల్ అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి దూలం. అమెరికా మార్కెట్లో టయోటా ఫోర్‌వీల్ పికప్ 1985 మోడల్ దాకా ముందు సాలిడ్ యాక్సిల్‌తో వచ్చి, 1986 నుంచి దీనికి మారింది. వేగంగా మట్టి రోడ్ల మీద పోవడానికి ఇదే హాయి, మీ వాడకం అదే అయితే మార్చకండి. రాళ్ల మీద పెద్ద టైర్లతో మెల్లగా ఎక్కాలంటే మాత్రం సాలిడ్ యాక్సిలే నా ఓటు. ఒక చక్రం పైకి లేస్తే రెండోది కిందికి నొక్కుకుని నేలను పట్టుకుంటుంది, వంకర తిరిగినప్పుడు విరిగే సీవీ జాయింట్ల (చక్రానికి శక్తినిచ్చే షాఫ్ట్ కీళ్లు) బెడదా తక్కువ.

యాక్సిల్ మోడళ్లలో 35 అంగుళాల టైర్ల వరకు డానా 44, అంతకు పైన డానా 60 అన్నది అనుభవం ఉన్నవాళ్లు సాధారణంగా వాడే లెక్క. డానా 60 క్రౌన్ వీల్ (డిఫరెన్షియల్‌లోని పెద్ద గేరు) వ్యాసం 9.75 అంగుళాలు, డానా 44ది 8.5 అంగుళాలు. తేడా చూడగానే మనసు పెద్దదాని వైపు లాగుతుంది. కానీ దాంతో వచ్చే బరువు, వెడల్పు, చాలావాటిలో ఉండే ఎనిమిది బోల్టుల హబ్ కూడా మీవే. అందుకే ముందు, వెనక రెండూ ఒకే బండివి తీసుకుంటే రేషియో, వెడల్పు, బోల్టుల లెక్క కలుస్తాయి, ఒకే స్టెప్నీ అన్నింటికీ సరిపోతుంది.

గట్టి భాగం కదా అని విడిగా కొంటే ఏమవుతుందో ట్రాన్స్‌ఫర్ కేస్ లెక్కలో బాగా తెలుస్తుంది. ఎన్‌పీ 205 అనే ట్రాన్స్‌ఫర్ కేస్ ఇనుప పోతతో, గేర్లతో నడిచే మొండి సరుకు, లో రేషియో (మెల్లగా, బలంగా పోవడానికి వేసే లో గేరు తగ్గింపు) 1.96. ఎన్‌పీ 231 అల్యూమినియంది, లోపల చైను, లో రేషియో 2.72. మొదటి గేరు 4.0, యాక్సిల్ 4.10 అనుకుంటే మూడింటినీ గుణిస్తే చైను దానితో మొత్తం తగ్గింపు (చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజిన్ తిరిగే చుట్లు) 44.6, ఇనుప దానితో 32.1. అంటే గట్టిదానితో బండి రాళ్ల మీద ఇంకా వేగంగా, క్లచ్ కాల్చుకుంటూ పోతుంది. అదే 6.55 మొదటి గేరు ఉన్న ఎస్‌ఎం 465 గేర్‌బాక్స్‌తో కలిపితే 52.6 వస్తుంది. కాబట్టి గేర్‌బాక్స్ తేల్చుకోకుండా ట్రాన్స్‌ఫర్ కేస్ కొనొద్దు.

ఏ దారిలో వెళ్లినా కొన్ని పాతవి వాడకూడదు. బ్రేకు గొట్టాలు, ప్రమాదంలో బిగుసుకున్న సీట్ బెల్టులు, ఎయిర్‌బ్యాగులు, స్టీరింగ్ బాల్ జాయింట్లు కొత్తవే వేయాలి. స్టీరింగ్ నకిల్స్ (ముందు చక్రాన్ని పట్టుకుని తిప్పే భాగం) లాంటి పోత భాగాలకు ఇంట్లో వెల్డింగ్ పెట్టడం ప్రాణాలతో ఆడుకోవడమే.

ఖర్చు చూసినా డోనర్ బండే తేలిక. మిగిలిన తలుపులు, సీట్లు, లైట్లు, రేడియేటర్ అమ్మితే పెట్టిన డబ్బులో కొంత వెనక్కి వస్తుంది. రోడ్డు మీద నడపాలనుకుంటే కాగితాలు కూడా ముఖ్యం. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఒకే రికార్డులో ఉన్న బండికి అనుమతి తెచ్చుకోవడం, నాలుగు చోట్ల నుంచి వచ్చిన నంబర్లతో పోలిస్తే ఎంతో తేలిక. నియమాలు చోటును బట్టి మారతాయి కాబట్టి, కటింగ్ మొదలుపెట్టకముందే మీ రిజిస్ట్రేషన్ కార్యాలయంలో అడగండి.

వెల్డింగ్ చేతిలో పని అయి, రోడ్డుతో సంబంధం లేకుండా రాళ్ల మీదికే బండి కట్టుకుంటూ, మెకానికల్ డీజిల్ దొరికితే మాత్రం ఏరి కట్టండి. అప్పుడు కూడా మొదట కొనాల్సింది యాక్సిళ్ల జతే. వాటి వెడల్పు, రేషియో, డిఫరెన్షియల్ పక్క తేలాక గేర్‌బాక్స్, ఆ తర్వాత దానికి తగ్గ ట్రాన్స్‌ఫర్ కేస్, ఇంజిన్ చివర్లో చూడండి.